పచ్చ గేటు పక్కన రెండెకరాలు

వ్యవసాయ కళాశాల మట్టి పరీక్షల ల్యాబులో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరైన నేను, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. అక్కకు మతి పోయిందని మా తమ్ముడు అనవచ్చు. వాడు శాసనసభ్యుడు, ఏదైనా అంటాడు.

1. మా కళాశాల పొలానికీ యూనివర్సిటీ వృక్షశాస్త్ర విభాగానికీ మధ్య గోడలో ఉన్న పచ్చ గేటు తాళంచెవి మా అమ్మాయికి. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా దానిదే. మైక్రోస్కోపు అరువడగడానికి ఆ గేటు దాటి వెళ్లినప్పుడే వాళ్ల నాన్నను మొదటిసారి చూశాను. మైక్రోస్కోపు తిరిగిచ్చేశాను, ఆయన్ని ఇవ్వలేదు.

2. నా మట్టి సీసాలన్నీ ల్యాబుకు. దుమ్ము తుడవవచ్చు, కడగకూడదు. ఒకసారి కొత్త అటెండరు నలభై సీసాలు శుభ్రంగా కడిగి బోర్లించాడు. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు.

3. ఇక అసలు గొడవ. కళాశాలను యూనివర్సిటీ నుంచి విడదీయాలని బిల్లు పెట్టింది మా తమ్ముడే. అది నెగ్గితే పచ్చ గేటును ఇటుకలతో మూసేస్తారు. సభలో వాడు కొత్త రకం జొన్న కంకి ఎత్తి పట్టుకుని, "ఇది మా కళాశాల ఒంటిచేత్తో సాధించింది!" అన్నాడు. మేము మా మళ్లలో ఎర్ర చీటీలు కడతాం, యూనివర్సిటీ వాళ్లు నీలం కడతారు. వాడి కంకికి నీలం చీటీ వేలాడుతోంది. టీవీలో చూసి నవ్వలేక చచ్చాను. తర్వాత ఏడుపొచ్చింది. ఆ గట్ల మీదే నా చెయ్యి పట్టుకుని నడక నేర్చినవాడు, చీటీ రంగే మరిచిపోయాడు.

4. పచ్చ గేటును ఆనుకున్న, మా నాన్న నాకిచ్చిన రెండెకరాలు, కళాశాల యూనివర్సిటీలోనే ఉంటే, రెండు వైపుల వాళ్లూ కలిసి ప్రయోగాలు చేసుకోవడానికి. విడిపోతే మా తమ్ముడికి. రోడ్డు పక్క స్థలం, వాడి కన్ను ఎప్పటినుంచో దాని మీదే ఉంది.

5. సాక్షి సంతకం పెట్టినవాడికి వీలునామాలో రాసినదేదీ దక్కదని వకీలు చెప్పాడు. అందుకే రెండో సాక్షి చోటు తమ్ముడి కోసం ఖాళీగా ఉంచాను. ఓటింగు గురువారం. ఒరే, ఆలోచించుకో. పెట్టకపోయినా నువ్వంటే నాకు ప్రాణమే. ఒక నెల భోజనానికి మాత్రం రాకు.

ఆగస్టు పదకొండు, సోమవారం

సంతకం: మట్టి మేడమ్

సాక్షులు:
1. పచ్చ గేటు కాపలాదారు
2. తమ్ముడు (బుధవారం ఉదయం. అక్కా, సంతకం పెట్టేశా. బిల్లు వెనక్కి తీసుకున్నా. భోజనానికి వస్తున్నా.)