పుట్టని బిడ్డ సంతకం

తెర్‌స్ఖెలింగ్ దీవి,
మంగళవారం

నా నింకె తల్లికి,

నువ్వు ఫోన్ ఎత్తడం మానేశావు కనుక ఉత్తరం రాస్తున్నాను. చించి పారేసినా సరే, చించేలోపు ఒకటి రెండు మాటలైనా నీ కంట పడకపోవు.

మొన్న టీవీలో నిన్ను చూశాను. లేవార్డెన్‌లో మీ ప్రసూతి కేంద్రం గుమ్మం ముందు నిలబడ్డావు. ఆ విలేకరి అమ్మాయి, "మీ అమ్మగారు అంగారకుడి మీదికి వెళ్ళి ఇక తిరిగి రారట కదా, మీకెలా ఉంది?" అని అడిగింది. నువ్వు కెమెరా వంక కూడా చూడకుండా, "మా అమ్మకి నేను చాలలేదు, అంతే" అని లోపలికి వెళ్ళిపోయావు. ఆ మాట విన్నాక పొయ్యి మీద బఠానీ సూప్ మాడిపోయినా నాకు వాసన తెలియలేదు.

నువ్వు చాలకపోవడమేమిటి తల్లీ? మీ నాన్న పోయిన దిగులుతో వెళుతున్నానని చర్చిలో అంటున్నారు. ముసలితనానికి జడిసి వెళుతున్నానని బేకరీలో అంటున్నారు. వీటిలో ఏదీ కాదు. నాకు వెళ్ళాలని ఉంది. అంతకు మించిన కారణం ఎంత వెతికినా నాకు దొరకలేదు.

ఎవరికీ చెప్పని సంగతి ఒకటి నీకు చెబుతాను. ఇన్నేళ్ళు లైఫ్‌బోటు నడిపాను. గాలివానలో ఎవరి పడవో మునిగిపోతోందని కబురు రాగానే జీతం బత్తెం లేకుండా పరుగెత్తాను. అందరూ నా త్యాగాన్ని మెచ్చుకున్నారు. రేవు దాటి మొదటి పెద్ద కెరటం మీదికి ఎక్కినప్పుడు నా గుండె ఎంత సంబరపడేదో మాత్రం ఎవరికీ తెలియదు. అవతల మనుషులు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉంటే నాకు సంబరమేమిటని సిగ్గుపడి లోపలే దాచుకున్నాను. చుక్కాని కుర్రవాళ్ళకి అప్పగించాక ఆ సంబరం లేకుండా ఎలా బతకాలో నాకు చేతకాలేదు. ఇంతలో అంగారకుడి మీదికి మనుషుల్ని పంపే ఈ కంపెనీ ప్రకటన వచ్చింది. వేలమందిలోంచి వడగట్టగా మిగిలిన కొద్దిమందిలో మీ అమ్మ ఉంది నింకె! యాభై దాటిన ఆడదాన్ని, దీవి దాటి పెద్దగా ఎరగనిదాన్ని. నలుగురు వెళ్ళే జట్టుకి నన్ను పెద్దగా పెడతారట. మిగతా ముగ్గురూ నీ ఈడు వాళ్ళు. నేను గర్వపడకుండా ఎలా ఉంటాను చెప్పు?

శనివారం మధ్యాహ్నం మన ఊరి హాల్లో దీని మీద బహిరంగ చర్చ పెట్టారు. కంపెనీ మనిషి వస్తున్నాడు. పాస్టరుగారు వ్యతిరేకంగా మాట్లాడతారు. నువ్వూ రా. నా పక్కన కూర్చోమని అడగను. ఎదుటి వరుసలోనే కూర్చో, నాలుగు తిట్టు. కాని రా.

నీ అమ్మ,
ఫ్రౌక్యె


తెర్‌స్ఖెలింగ్,
సోమవారం

నా బంగారు తల్లీ,

శనివారం నీ డ్యూటీ వేళకి చివరి ఫెర్రీ అందుకోవాలని, మాట్లాడడం ముగించీ ముగించకుండానే పరుగెత్తావు. నేను కోపంతో మొహం తిప్పుకున్నాననుకున్నావట. మన లైఫ్‌బోటు షూర్డ్ చెప్పాడు. నీకు తెలిసిందే మళ్ళీ నీకు చెబుతున్నానని నవ్వకు. వేదిక మీద కూర్చున్న నాకు ఎలా కనిపించిందో నీకు తెలియదు కదా.

పాస్టరుగారు ముందు మాట్లాడారు. ప్రాణం దేవుడిచ్చిన అప్పు, ఎక్కడ పడితే అక్కడ పారేసి రావడానికి మనకి హక్కు లేదన్నారు. నేను తల దించుకుని విన్నాను. వెనక బెంచీలోంచి పేపర్ల కొట్టు వీబె అరిచాడు.

"ఒసేయ్ ఫ్రౌక్యె, అక్కడ సముద్రమూ లేదు, చేపా లేదు. ఏం తిని చస్తావే?"

"అక్కడ నువ్వుండవుగా వీబె, అదే పదివేలు" అన్నాను. హాలంతా గొల్లుమంది.

నవ్వు ఆగీ ఆగకముందే షూర్డ్ లేచాడు. నా పక్కన నిలబడి ఎన్ని తుఫానులు చూశాడో ఆ మనిషి! టోపీ తీసి చేత్తో నలుపుతూ అడిగాడు.

"మనం గాలివానలోకి వెళ్ళింది మనుషుల్ని వెనక్కి తేవడానికి ఫ్రౌక్యె. ఇప్పుడు నువ్వు ఎవర్ని తేవడానికి వెళుతున్నావు?"

"ఎవర్నీ కాదు షూర్డ్. ఈ ఒక్కసారికీ నా కోసం వెళుతున్నాను."

ముందు మన పక్కింటి డేనీ వాళ్ళ ముసలావిడ ఒక్కతే చప్పట్లు కొట్టింది. ఆ వెంటనే సగం హాలు కొట్టింది. గెలిచాననుకున్నాను నింకె. గట్టిగా అనుకున్నాను.

అప్పుడు నువ్వు లేచావు. వానకోటు కూడా విప్పలేదు. నా వంక చూస్తూ, "మా అమ్మ ఎక్కడ బతకాలో, ఎక్కడ పోవాలో ఆమె ఇష్టం. టీవీలో నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను" అన్నావు. నువ్వు నన్ను వదిలిపెట్టి ఆ కంపెనీ మనిషి వైపు తిరిగావు.

"నేను మంత్రసానిని. మీ కరపత్రంలో గాజు గుడారం కింద నవ్వుతున్న పసిబిడ్డ బొమ్మ వేశారు. వెళ్ళేవాళ్ళందరూ తిరిగి రామని సంతకం పెట్టారు, బాగానే ఉంది. ఆ బిడ్డ చేత ఎవరు పెట్టించారు? అక్కడి తక్కువ గురుత్వాకర్షణలో ఎముకలు ఎలా పెరుగుతాయో భూమ్మీద ఎవరికీ తెలియదు. ఆ బిడ్డ ఒకనాడు తలుపు దగ్గర నిలబడి బయటికి తీసుకెళ్ళమని ఏడిస్తే ఎక్కడికి తీసుకెళతారు?"

గడియారం చూసుకున్నావు. "నాకు ఫెర్రీ టైమైంది. జవాబు మా అమ్మకి చెప్పండి" అని వెళ్ళిపోయావు. నేను మొహం తిప్పుకున్నది అప్పుడే. కోపం కాదే పిచ్చిదానా. ఊరందరి ముందూ కళ్ళు తుడుచుకోవడం ఇష్టం లేక.

ఆ తరువాత జరిగింది నువ్వు చూడలేదు. కంపెనీ మనిషి మంచినీళ్ళు తాగి, "అది చాలా దూరపు మాట" అన్నాడు. నేనే మైకు తీసుకున్నాను.

"దూరపు మాటే కానివ్వండి. తిరిగొచ్చే దారి ఏర్పడేదాకా అక్కడ బిడ్డల్ని కననివ్వబోమని ఇప్పుడు మాటిస్తారా?"

అతను నాకు మాత్రమే చెబుతున్నట్టు వంగి, చల్లగా నవ్వాడు. "మేడమ్, ఈ యాత్ర ఖర్చంతా టీవీ కార్యక్రమం మీద రావాలి. ప్రేక్షకులు అన్నిటికంటే ఎదురుచూసేది ఆ బిడ్డ కోసమే."

నా చేతిలో మైకు ఉందని మరిచిపోయాడు. హాలు మొత్తం వింది.

నా జట్టులో ఉండబోయే ఆ ముగ్గురు పిల్లలూ కళ్ళ ముందు మెదిలారు. వాళ్ళకి పెద్దగా ఉండమన్నారు నన్ను. పుట్టబోయే బిడ్డని చూపించి డబ్బు పోగుచేసే పడవకి నేను చుక్కాని పట్టలేను. "అయితే నా పేరు కొట్టెయ్యండి" అన్నాను. మెడలో వేసుకున్న కంపెనీ కార్డు తీసి అతని ముందు పెట్టాను. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. షూర్డ్ మాత్రం వేదిక మెట్ల దగ్గరికి వచ్చి, చిన్నపిల్లకి పట్టుకున్నట్టు, నేను తొడుక్కోవడానికి నా కోటు తెరిచి పట్టుకున్నాడు.

బయట రేడియో అబ్బాయి ఎదురొచ్చాడు. "చివరికి భయం వేసిందా అండీ?"

"మొదటి నుంచీ వేస్తూనే ఉంది బాబూ. భయానికైతే ఆగేదాన్ని కాదు. మా అమ్మాయి అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. అందుకని ఆగాను."

ఇంటికొచ్చి ఏడవలేదని అబద్ధం చెప్పను. చాలాసేపు ఏడ్చాను. నా ఒక్కదాని బతుకైతే ఇప్పటికీ వెళ్ళేదాన్నే, అదీ దాచను. రేపు ఎవరైనా తిరిగొచ్చే ఓడ కడితే, కర్ర పట్టుకునైనా వరుసలో నిలబడతాను. అప్పుడు మళ్ళీ ఎదురు నిలబడు, మళ్ళీ వాదించుకుందాం. నువ్వు నన్ను ఆగిపొమ్మని బతిమాలి ఉంటే బహుశా ఆగేదాన్ని కాదు. నువ్వు బతిమాలలేదు. ఇంకా పుట్టని, నీకు ఏమీ కాని ఒక బిడ్డ పక్షాన నిలబడి, కన్నతల్లినే ఎదిరించావు. ఇంతమందిలో ఎంపికైనప్పుడు కలిగిన గర్వం ఇప్పుడు నాకు చాలా చిన్నదిగా కనిపిస్తోంది.

ఈ ఉదయం పేపర్లో మొదటి పేజీలోనే వేశారు: 'కూతురి చేతిలో ఓడిన అంగారక వనిత'. వీబె కొట్లో ఉన్న కాపీలన్నీ చంకలో పెట్టుకున్నాను. వాడు కళ్ళజోడు పైకి తోసుకుని, "నీకు మతి పోయిందా? ఓడిపోయిన వార్తకి ఇన్ని కాపీలెందుకే?" అన్నాడు.

"ఓడించింది ఎవరో చదవలేదురా?" అన్నాను.

నీ చేతిలో ఓడిన,
అమ్మ