కొంగ మీది మరక

అమ్మా, నేను కులాసాగానే ఉన్నాను, మనసే కుదుటపడలేదు. ఫోన్‌లో అయితే అరుస్తానని కార్డు రాస్తున్నాను. అన్న పనిచేసే ఫ్యాక్టరీ గోడ మీద పక్షుల బొమ్మలు వేస్తున్నాను కదా. ఫ్యాక్టరీ మురుగు కలిసే వెనక చెరువులో కనబడినట్టే కొంగను వేశాను, రొమ్ము మీద తుప్పురంగు మరకతో సహా.

"గా మరకేంది? తెల్లగ కొట్టు, రేపు తనిఖీకొస్తున్నరు" అన్నాడు మేనేజరు.

"ముందు చెరువు కడుగుండ్రి సార్, కొంగ దానంతటదే తెల్లగైతది" అని కుంచె విసిరేసి వచ్చాను.

పొద్దున చూస్తే మరక లేదు. తెల్లరంగు పూసింది అన్నే! "నౌకరి పోతే పిల్లలకేం పెట్టాలెరా?" అన్నాడు. ఆ పిల్లలు తాగేది చెరువు పక్క బోరు నీళ్లే. నువ్వే వాళ్లను ఊరికి పిలిపించుకో.

బర్రె ఈనిందా? నాయినకు దండాలు. నా కోపం తగ్గాలని దీవించకు, పిల్లలు చల్లగుండాలని దీవించు.

నీ చిన్నోడు,
శ్రావణ్