అత్తమ్మ వేసిన ఎరువు

జహీరాబాద్

జగన్‌మోహన్ సార్‌కు నమస్కారం.

మా అల్లం చేను చివర ఊటనేలలో మావారు రాజేశ్వర్ పరిశీలించిన పురుగులు తినే మొక్కల్ని చూడడానికి మీ విద్యార్థులను పంపుతామని రాశారు. పంపవద్దు సార్. అవి చనిపోయాయి.

ఎండలకు కాదు. వానలు గతి తప్పినా, ఊట సన్నగిల్లినా, సారం లేని ఆ నల్ల బురదలో పురుగుల్ని పట్టుకునే బతికాయి. ఎండలు ముదిరేకొద్దీ వాటి తిండి ఎలా మారుతుందో చూడాలని ఆయన రోజూ వెళ్లేవారు.

ఆయన హైవే మీద ప్రమాదంలో పోయినప్పటి నుంచి మా అత్తమ్మ వెళ్తోంది. ఒకరోజు ఆకు జిగురుకు అంటుకున్న ఈగను చూసి, "పురుగులు తిని బతుకుతున్నయంటే ఎంత ఆకలైతున్నదో చూడు బిడ్డా. నా కొడుకు సాదిన మొక్కలాయె" అంది. అల్లానికని తెచ్చిన యూరియా, పెంట ఎరువు తట్టలతో మోసి వేసింది. ఆ బలానికి అవి మాడిపోయాయి. వాటి చోట గడ్డి కమ్మేసింది.

మొక్కలే అట్లా పెరిగాయని ఆమె నమ్మకం. ఆ గడ్డిని చూపించి, "ఇప్పుడు కడుపు నిండింది గదా?" అని అడుగుతుంది. అవునంటాను. మీ పిల్లలు వస్తే నిజం చెప్తారు.

నేను బాగానే ఉన్నాను. ఆకలి లేదన్నా అత్తమ్మ రోజూ నా పళ్లెంలో ఒక జొన్నరొట్టె ఎక్కువే వేస్తుంది.

తింటున్నాను.

ఇట్లు,
మీ రాజేశ్వర్ భార్య