నాలుగోసారి అడగని మాట

అల్ఫారెట్టా,
మార్చి 9, ఆదివారం.

చిరంజీవి హంసికకు,

అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ, మీ నాన్నా, నువ్వు మాకు అప్పగించి వెళ్ళిన నాలుగు కుండీలూ బాగానే ఉన్నాం. కరివేపాకు మొక్క మాత్రం చలికి ఆకులన్నీ రాల్చేసి అలిగి కూర్చుంది. రెడ్‌మండ్ వానల్లో నువ్వు జలుబు తెచ్చుకోకుండా వేళకి తింటున్నావనే అనుకుంటున్నాను.

నీ ఉత్తరం పోయిన మంగళవారం వచ్చింది. తెలుగు మర్చిపోతానేమోనని నెలకో ఉత్తరం రాసుకుందామన్నది నువ్వు. ఇప్పుడు పోస్ట్‌బాక్స్ దగ్గర తచ్చాడేది నేను. నీ అక్షరాలు ఇంకా బొద్దుగా, రెండో తరగతి పిల్ల రాసినట్టే ఉన్నాయి. మార్చుకోకు, నాకు అవే ఇష్టం.

నీ ప్రశ్నలకి వరసగా జవాబులు చెప్తాను. ఆఖరిదానికి ఆఖర్నే చెప్తాను, తొందరపెట్టకు.

నీ ఫ్రెండ్స్ అడిగారన్నావు, నేను టికెట్లు చింపుతానా అని. ఉషా ఆంటీ కూడా మొన్న బర్త్‌డే పార్టీలో పదిమంది మధ్య అదే అడిగింది, "ఏంటి ఉమా, కండక్టర్ అయ్యావంట, మాకేమైనా పాస్ ఇప్పిస్తావా?" అని. మాది గూడ్సు బండి తల్లీ, ఎక్కేవాళ్ళెవరూ ఉండరు. బండికి ఇద్దరే మనుషులం. ఇంజనీర్ నడుపుతాడు. కండక్టర్ కిందకి దిగి వ్యాగన్లు కలపడం, విడదీయడం, పట్టాల దారి మార్చడం, రేడియోలో ఇంజనీర్‌కి ఎంత దూరం రావాలో చెప్పడం, ఇవన్నీ చెయ్యాలి. ఇదంతా ఉషకి చెప్పబోతే కేక్ కటింగ్ మొదలైంది.

తిండి సంగతి అడిగావు. డబ్బాలో పెరుగన్నం, ఆవకాయ. మా ట్రైనర్ డార్లీన్‌కి ఆవకాయ అలవాటు చేశాను, ఇప్పుడు చికెన్‌లో కూడా నంజుకుంటోంది. ముప్ఫై ఏళ్ళ సర్వీస్ ఆవిడది. గాజులూ ఉంగరాలూ ఉండకూడదు కాబట్టి అవి ఇంట్లోనే. మొదటి వారం చేతులు బోసిగా అనిపించాయి గానీ, ఇప్పుడు పార్టీలకి గాజులు వేసుకుంటేనే ఎవరి చేతుల్లానో ఉంటున్నాయి.

ఇన్ని ఉద్యోగాలుండగా ఇదేంటమ్మా అని కూడా అడిగావు. నీకు గుర్తుందో లేదో, నీ డాన్స్ క్లాస్‌కి డులూత్ వెళ్ళేటప్పుడు రైలు గేటు పడేది. నువ్వు వెనక సీట్లో "మామ్, లేట్ అవుతోంది" అని గోల పెట్టేదానివి. నాకు ఆ అయిదు నిమిషాలూ ఎంత బాగుండేవో ఎవరితోనూ అనలేదు. అప్పట్లో నాకు ఈ దేశంలో ఉండే వీలుంది గానీ పని చేసే వీల్లేదు. పదకొండేళ్ళు ఫారాల్లో మీ నాన్న పేరు పక్కన డిపెండెంట్ అని రాయించుకుని బతికాను. అంత బరువు లాక్కుంటూ ఎటో పోతున్న బండిని చూస్తుంటే, నేనూ ఎప్పటికైనా ఏదో ఒకటి లాగాలనిపించేది. గ్రీన్‌కార్డ్ వచ్చాక అందరూ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్స్ చెయ్యమన్నారు. ఆవలించుకుంటూ అదీ చేశాను. ఆ తర్వాత కొన్నేళ్ళకి ఒకరోజు రైల్‌రోడ్ వాళ్ళ ప్రకటన కనపడింది. అనుభవం అక్కర్లేదు, హైస్కూల్ చదువు చాలు, ఎండా వానా అనకుండా బయట పనిచెయ్యాలి. నలభై ఆరేళ్ళకి నా అర్హతలన్నీ సరిగ్గా సరిపోయిన మొదటి ఉద్యోగం అది.

మీ నాన్న "మనకేం తక్కువని?" అన్నారు. తక్కువేం లేదు. అయినా కావాలనిపించింది.

నువ్వూ నేనూ ఒకే ఏడు ఉద్యోగాల్లో చేరడం తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నీకు లాప్‌టాప్ ఇచ్చారు, నాకు ఉక్కు ముక్కున్న బూట్లు ఇచ్చారు. తరగతుల్లో సిగ్నళ్ళ పరీక్ష పాసైన రోజు కార్లో కూర్చుని ఒక్కదాన్నే ఏడ్చాను. ఆ రోజు నీకు పంపిన ఫోటోలో నా కళ్ళెందుకు ఎర్రగా ఉన్నాయని అడిగావు కదా, అందుకే.

ఇక నీ ఆఖరి ప్రశ్న. ట్రైనింగ్ ఎప్పుడు అయిపోతుంది, పార్టీ ఎప్పుడు అన్నావు. అయిపోతుందో లేదో నాకే తెలియదు హంసీ. ఈ మాట రాయకుండా తప్పించుకుందామనే చూశాను. కానీ నీ ఉత్తరం చివర్లో, ఏదో మామూలు సంగతిలా ఒక వాక్యం రాశావు. నాలుగు రోజులుగా ఒక పని దగ్గర ఇరుక్కుపోయావనీ, మీ సీనియర్ రఘువీర్‌ని అడిగితే పది నిమిషాల్లో తేలిపోతుందనీ, ఆయన బిజీగా ఉంటాడు కాబట్టి అడగబుద్ధి కావట్లేదనీ. అది చదివి నాకు చెమటలు పట్టాయి. ఎందుకో చెప్తాను.

రెండు వ్యాగన్ల మధ్యకి వెళ్ళాలంటే మాకొక కట్టడి ఉంది. ముందు రేడియోలో ఇంజనీర్‌ని రక్షణ అడగాలి. ఆయన బ్రేకులు గట్టిగా వేసి, బండి కదలకుండా మొత్తం మూడు పనులు చేసి, "చేశాను" అని చెప్పాలి. అది చెవిన పడ్డాకే మన కాలు పట్టాల మధ్య పడాలి. పని చూసుకుని బయటికి రాగానే "వచ్చేశాను" అనాలి. మళ్ళీ వెళ్ళాలంటే మళ్ళీ మొదట్నుంచీ అడగాలి. వందసార్లు వెళ్తే వందసార్లు.

ఫిబ్రవరి పదకొండున యార్డ్‌లో వానగా ఉంది. ఇంజనీర్ కర్టిస్, అరవై దాటిన పెద్దాయన. నేను కలపాల్సిన రెండు వ్యాగన్ల కొక్కేలు ఎంతకీ పట్టుకోవడం లేదు. ఒకసారి అడిగి వెళ్ళి సరిచేసి వచ్చాను, పట్టుకోలేదు. రెండోసారీ అంతే. మూడోసారి అడిగితే రేడియోలో ఆయన "హుఁ" అని పెద్దగా నిట్టూర్చాడు. అప్పుడూ పట్టుకోలేదు. డార్లీన్ అవతల దారి మారుస్తోంది. కొక్కెం పిసరంత పక్కకి జరిపితే చాలు, చిటికెలో పని. ఇంతదానికి పెద్దాయన్ని మళ్ళీ విసిగించడం ఏం బాగుంటుందని నాకు మొహమాటం వేసింది. అడగకుండా లోపలికి వెళ్ళాను.

మూడోసారి "వచ్చేశాను" అని చెప్పాను కాబట్టి, నేను బయటే ఉన్నాననుకుని ఆయన బ్రేకులు వదిలేశాడు. వ్యాగన్ కదిలింది. ఎలా పక్కకి దూకానో తెలియదు. నా వెనక ఆ రెండూ ఢాం అని కలుసుకున్నాయి. అప్పటిదాకా నేను నిలబడ్డ చోటే. కుడిచేతి గ్లవ్ అక్కడే ఉండిపోయింది.

"ఉమా, అంతా ఓకేనా?" అన్నాడు కర్టిస్ రేడియోలో. "ఓకే" అన్నాను. ఆ గొంతు నాదేనా అనిపించింది.

నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఎవరూ చూడలేదు, ఏమీ కాలేదు, ఇంకెప్పుడూ చెయ్యనని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. డబ్బా తెరిస్తే అన్నం దిగేది కాదు. అయిదో రోజు డార్లీన్ నా ట్రైనింగ్ పుస్తకంలో సంతకం పెట్టబోయింది, ఈ పని ఉమకి ఒంటరిగా అప్పగించవచ్చు అని. పెన్ను కాగితం మీద ఆనింది కూడా. ఇక ఆగలేక చెప్పేశాను.

ఆవిడ తిట్టలేదు. పెన్ను జేబులో పెట్టుకుని, "నువ్వు చెప్పావు కాబట్టి నీతో మాట్లాడుతున్నాను. కానీ ఇది పైకి రాయకుండా ఉండలేను" అంది. రాయమన్నాను.

కర్టిస్ దగ్గరికి నేనే వెళ్ళాను. మీరు నిట్టూరిస్తే విసుక్కున్నారనుకున్నానని చెప్పాను. "అది నీ మీద కాదమ్మా, నా మోకాలు. వాన పడితే సలుపుతుంది" అన్నాడు. తర్వాత టోపీ తీసి చేతిలో పట్టుకుని, "నన్ను ఇబ్బంది పెట్టకూడదనుకున్నావు. నా చేత్తో నిన్ను చంపించి, నన్ను ఇంటికి పంపేదానివి. ఆ తర్వాత నేనెలా బతికేవాణ్ణో ఆలోచించావా?" అన్నాడు. నేను ఆయన ముందే బావురుమన్నాను.

అప్పట్నుంచీ నాకు అదే ఆలోచన. మొహమాటం మంచితనమనే నేను పెరిగాను. అత్తారింట్లో రెండోసారి అన్నం అడగలేదు. ఇక్కడికొచ్చిన కొత్తలో ఎవర్నీ లిఫ్ట్ అడగలేక స్ట్రోలర్‌లో నిన్ను తోసుకుంటూ ఎండలో మైళ్ళు నడిచాను. నాకు ఆపరేషన్ అయినప్పుడు నీకు పరీక్షలని రావద్దన్నాను, నువ్వు రావాలని ఎంత ఉన్నా. ఇవన్నీ చూసి నువ్వు నేర్చుకున్నావు. నగలు ఇద్దామనుకున్నాను నీకు, ఇది ఇచ్చాను. నీ పనిలో వ్యాగన్లు ఉండకపోవచ్చు. అయినా అడగకుండా నాలుగు రోజులు ఒక్కదానివే నలిగిపోవడం నాకు బాగా తెలిసిన సంగతి. వద్దమ్మా.

మీ నాన్నకి నిన్ననే చెప్పాను. మానెయ్యమంటారనుకున్నాను. లేచి వెళ్ళి స్టవ్ ఆపేసి వచ్చి, "మళ్ళీ చెప్పు, నెమ్మదిగా" అన్నారు. రెండోసారి చెప్తుంటే నా కుడిచెయ్యి పట్టుకుని వదల్లేదు. ఈ నెల ఇరవై, గురువారం ఉదయం పది గంటలకి యార్డ్ ఆఫీస్‌లో నా సంగతి తేలుస్తారు. ట్రైనింగ్ పొడిగించవచ్చు, బూట్లూ బ్యాడ్జీ ఇచ్చేసి వెళ్ళమనవచ్చు. చెప్పడం ఆలస్యం చేసినందుకు కూడా అడుగుతారట, అడగాలి కూడా. ఆ రోజు మీ నాన్నకి పార్సిప్పనీలో క్లయింట్ మీటింగ్. క్యాన్సిల్ చేస్తానన్నారు. "వద్దు వద్దు, నేను చూసుకుంటాలెండి" అని నోటికి అలవాటైన మాటే వచ్చేసింది. అరగంట గదిలో కూర్చుని, మళ్ళీ హాల్లోకి వెళ్ళి, "ఇందాక వద్దన్న మాట వదిలెయ్యండి, ఉండండి" అన్నాను. వెంటనే ఫోన్ తీశారు.

ఆయన ఉంటారు. కార్ ఆయనే డ్రైవ్ చేస్తారు. కాబట్టి నీతో నాకు అవసరమంటూ ఏమీ లేదు. అయినా నువ్వు కావాలి హంసీ. వాళ్ళు ఏం చెప్పినా, ఆ ఆఫీస్ తలుపు తీసుకుని బయటికొచ్చేసరికి నువ్వు అక్కడ నిలబడి ఉండాలి. నీ ఉద్యోగం కొత్త అని తెలుసు, సెలవు కష్టమని తెలుసు, టికెట్ ఎక్కువని తెలుసు. అన్నీ తెలిసే అడుగుతున్నాను. బుధవారం రాత్రికి రా.

సెలవు కోసం నువ్వు కూడా ఎవరినో ఒకరిని అడగాలి కదా. వాళ్ళు బిజీగా ఉన్నా సరే, వెళ్ళి అడుగు.

ఇట్లు,
రావద్దని ఈసారి అనని
మీ అమ్మ