వేలికి దొరకని బటన్

మార్చి 3, సోమవారం

కొత్త విమానం మీద ట్రైనింగ్ మొదలైంది. కాక్‌పిట్‌లో స్విచ్చులన్నీ మాయం, అంతా టచ్‌స్క్రీన్. పాత విమానంలో కళ్లు మూసుకున్నా ఏ స్విచ్ ఏదో వేళ్లకు తెలిసేది. ఈ గాజు మీద అన్నీ ఒకటే. కో-పైలట్‌ని కదా, నాది కుడి సీటు. మధ్య స్క్రీన్‌ని కెప్టెన్ కుడి చేత్తో నొక్కుతారు, నేను ఎడమ చేత్తో నొక్కాలి. నా ఎడమ చేతికి సంతకం కూడా రాదు.

మార్చి 6

సిమ్యులేటర్‌లో కుదుపులు పెట్టారు. ఇంజిన్లకు మంచు పట్టకుండా ఆపే యాంటీ-ఐస్ నొక్కబోతే వేలు పక్కనున్న ఫ్యూయల్ పంప్ మీద పడింది. చిటికెన వేలు స్క్రీన్ అంచుకు ఆనించి నొక్కమన్నాడు ఇన్‌స్ట్రక్టర్. అంచు ఏదీ? అందం కోసం నున్నగా చేసేశారు. అయినా పాస్ చేశారు. అదే భయంగా ఉంది.

మార్చి 9

ఇంట్లో ప్రాక్టీస్. నేను ఫోన్‌లో అత్తయ్య నంబర్ నొక్కుతుంటే మా ఆయన కుర్చీ పట్టి కుదిపారు. కాల్ పళ్ల డాక్టర్‌కి వెళ్లింది. పాప పడీ పడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మార్చి 21

రేపు ప్యాసింజర్లతో మొదటి ఫ్లైట్.

మార్చి 22, సాయంత్రం

ఇంటికొచ్చి యూనిఫాం కూడా మార్చకుండా రాస్తున్నాను.

కెప్టెన్ నడుపుతున్నారు. తల నెరిసిన మనిషి, అందరం పెద్దాయన అంటాం. మబ్బులోకి వెళ్లగానే విమానాన్ని చేటలో వేసి చెరిగినట్టయింది. యాంటీ-ఐస్ వెయ్యమన్నారు. నొక్కాను. ఫ్యూయల్ పంప్ ఆపాలా అని అడిగింది స్క్రీన్. వేలు తీసేలోపే ఇంకో కుదుపు. వేలు వెళ్లి 'ఎస్' మీద పడింది. పంప్ ఆగిపోయింది. మళ్లీ వేద్దామంటే బటన్ అందదు. ఇంత భయం నేను పుట్టి ఎరగను.

పెద్దాయన ఎడమ చేత్తో నడుపుతూనే కుడి చేత్తో నా మణికట్టును ఉడుంపట్టు పట్టారు. ఇప్పుడు నొక్కమన్నారు. పంప్ వచ్చింది. యాంటీ-ఐస్ కూడా. దిగాక చూసుకుంటే, మణికట్టు మీద ఆయన నాలుగు వేళ్లూ నీలంగా తేలాయి.

మార్చి 25

కుదుపుల్లో ఆ స్క్రీన్ నొక్కలేమని ట్రైనింగ్ మేనేజర్‌కి రిపోర్ట్ ఇచ్చాను. ఇంతవరకూ ఇంకెవరూ కంప్లైంట్ చేయలేదట. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందట నా సంగతి. పెద్దాయన్ని అడగమంటే, ఆయనకు పాత స్విచ్చుల మీద మోజట. నా చెయ్యే వణికి ఉంటుంది, మెడికల్ చేయించుకోమన్నారు. తేడా వస్తే లైసెన్స్ పోతుంది. అది సరే, నిజంగా లోపం నా చేతిదే అయితే? వెనకాల అంతమంది కూర్చుంటారు.

మార్చి 27

మెడికల్‌లో ఏమీ లేదన్నారు. వస్తూ పాపను స్కూల్ నుంచి తీసుకొచ్చాను. ఇంటి లిఫ్ట్ బటన్ నొక్కడానికి కూడా ఎడమ మణికట్టును కుడి చేత్తో పట్టుకున్నాను. ఎందుకమ్మా అని అడిగింది పాప.

మార్చి 28

కొత్త కెప్టెన్, నాకన్నా చిన్నవాడు. ఎదురుగా నల్లటి మబ్బు. కాక్‌పిట్ తలుపు మూశాక సిగ్గు విడిచి అడిగాను, కుదుపులొస్తే నా మణికట్టు పట్టుకుంటారా అని.

అతను నవ్వలేదు. చొక్కా చెయ్యి పైకి లాగాడు.

కుడి మణికట్టు మీద నాలుగు వేళ్ల గుర్తులు. నీలంగా.