పైన శ్రీరామ, కింద ఖాళీ

సోమవారం, గద్వాల

ఎవరికీ చెప్పుకోలేక కలం పట్టాను.

సాయంత్రం మేనకోడలు చదువుకుంటూ, "అత్తా, అనానిమస్ అంటే ఏంది?" అని అడిగింది.

"పేరు చెప్పకుంట చేసింది. ఆకాశరామన్న ఉత్తరం లెక్క," అన్నాను.

నాతో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న పక్కింటి మహబూబీ నవ్వింది. "గసోంటి ఉత్తరమే బిడ్డా, బడిల నా వంట పని ఊడగొట్టింది. చేతులిరగ, ఎవరు రాసిండ్రో!"

రాసింది నేనే. బడి బియ్యం ఇంటికి మోస్తోందని ఎవరో అంటే, ఆమెను ఒక్క మాట అడగకుండా నమ్మాను. అది అబద్ధమని తర్వాత తెలిసింది. ఉత్తరం పైన అలవాటుగా శ్రీరామ అని రాసి, కింద నా పేరు వదిలేశాను.

రేపు బీచుపల్లి హనుమంతుడి ముందు నిలబడాలంటే ముందు మహబూబీ గడప తొక్కాలి. ధైర్యం చాలుతుందో లేదో... ఆమెకు చెప్పేదాకా ఈ పేజీ ఇలాగే ఉండాలి, ఎవరి కంటా పడకూడదు.