ఎర్ర పూత మీద నల్ల రంగు

కరీంనగర్ జిల్లా కోరుట్లలో వెల్డింగు దుకాణం నడుపుకునే గుండేటి రాజలింగం అనే నేను, నా తదనంతరం నా స్వార్జితం ఎవరికి చెందాలో చెప్పి రాయిస్తున్న వీలునామా ఇది. నా బుద్ధి నిలకడగా ఉంది. కుడిచెయ్యే నిలకడగా లేదు. అందుకే నేను చెబుతుండగా దస్తావేజుల రామస్వామి రాస్తున్నాడు. నా వెనుక ఎవరూ నిలబడి బెదిరించడం లేదు. మంచం పట్టి కాదు, భయపడి రాయిస్తున్నాను. ఈ రోజుల్లో మనిషిని అన్నలు పిలిచినా, పోలీసులు పిలిచినా, తిరిగొచ్చేదాకా ఇంట్లో పొయ్యి వెలగడం లేదు.

1. దుకాణం, వెల్డింగు మిషను, పనిముట్లు సమస్తం నా తమ్ముడు సత్తయ్య భార్య సత్యవ్వకు దాన విక్రయ హక్కులతో చెందాలి. మస్కట్‌లో ఉన్న నా కొడుకు హన్మండ్లుకు ఇందులో భాగం లేదు. నివాసపు ఇల్లు మాత్రం వాడిదే. "దుకాణం అమ్మి ఊరిడిచి పో నాయినా" అని ఫోన్లో ఏడ్చాడు. వాడి ప్రేమను తప్పు పట్టను. కానీ ఇట్లా ఎందుకు పంచానో వాడికి తెలియాలి.

2. ఠాణా మెట్ల రెయిలింగు తుప్పు పట్టింది, వచ్చి బాగుచేయమని కబురొచ్చింది. పోతే అన్నలకు కోపం, పోకపోతే పోలీసులకు. "తుప్పు గీకి రంగేసి అస్త అన్నా, గంతే గదా" అని సత్తయ్య పోయాడు. పని అయ్యేదాకా రోజూ పోయి వచ్చాడు. ఠాణాకు సమాచారం మోస్తున్నాడని ఎవరో దళానికి చేరవేశారు. మేడిపల్లి దారిలో, మా మెట్ట చెలక గట్టు మీద వాడి శవం దొరికింది. వాడు మోసింది ఇనుప బ్రష్షు, రంగు డబ్బా.

పాడె మోయడానికి చంద్రయ్య, పోచయ్య తప్ప మా కులంలో ఒక్కరూ గడప దాటలేదు. మిగతా రెండు కొనలు నేనూ సత్యవ్వా పట్టాం. ఆ చెలకలోనే పాతిపెట్టాం.

3. సమాధి చుట్టూ ఇనుప రెయిలింగు చేసి పెట్టాను. ముందు పూతగా రెడ్ ఆక్సైడ్ వేశాను. అంతలో ముసురు పట్టింది, పైరంగు ఆగింది. ఆ తడిలోనే పోలీసు జీపు వచ్చింది. "ఎర్ర స్తూపం ఏ అన్నకు కట్టినవ్ రా?" అన్నారు. "స్తూపం కాదు సారూ, మా తమ్ముని సమాధి. గది తుప్పు పట్టకుంట ఏసే పూత. దీని మీద ఇంకో రంగేస్త" అన్నాను. నమ్మలేదు. జీపులో ఠాణాకు తీసుకుపోయారు. నా కుడి మణికట్టు విరిగింది అక్కడే. విడిచిపెట్టినప్పుడు తమ్ముడు రంగు వేసిన ఆ రెయిలింగునే ఎడమ చేత్తో పట్టుకుని మెట్లు దిగాను. రంగు చక్కగా పట్టి ఉంది.

నేను ఇల్లు చేరేసరికి సత్యవ్వ సమాధి రెయిలింగుకు నల్ల ఎనామిలు వేసేసింది. "ఎవ్వలకూ ఎరుపు కనపడద్దు బావా. కింద మాత్రం ఉండనీ, తుప్పు రావద్దు" అంది. తర్వాత నేను పక్కన కూర్చుని చెబుతుంటే వెల్డింగు పట్టింది. ఆడమనిషి ముఖానికి నల్ల అద్దం అడ్డం పట్టుకుని నిప్పురవ్వల్లో కూర్చోవడమేమిటని బజారు నవ్వింది. దుకాణం నడిచింది.

4. మేడిపల్లి దారి చెలక సత్తయ్య బిడ్డ నాగవ్వకు రాస్తున్నాను. అందులోని సమాధి రెయిలింగు ఆలనాపాలనా ఆమెదే. ఏటా వానలు వెళ్లాక కమ్మీలు సిమెంటులోకి దిగే చోట చూడాలి. నీళ్లు నిలిచేది అక్కడ, తుప్పు పుట్టేది అక్కడ. బుడగ లేచిన రంగు మీద రంగు వేయొద్దు. ఇనుము మెరిసేదాకా గీకి, తుడిచి, మంచు పడకముందే రెడ్ ఆక్సైడ్, అది ఆరాక ఎనామిలు పలచగా రెండుసార్లు వేయాలి. ఆకుపచ్చ వద్దు, దళం బట్టల రంగంటారు. ఖాకీ ఛాయ వద్దు. సిల్వరు దూరానికి మెరిసి జీపులను పిలుస్తుంది. నలుపే వేయాలి. ఎరుపు వేసిన రోజు గడవకముందే దాన్ని కప్పాలి.

5. నా సైకిలు చంద్రయ్యకు. గొంగడి పోచయ్యకు, వాడికి చలి ఎక్కువ. పాడె దగ్గరికి రాని వాళ్లకు నేను ఇచ్చేదేమీ లేదు.

6. తమ్ముడి మీద దళానికి చెప్పిన మనిషి ఎవరో మాకు తెలుసు. పేరు రాయించను, రాయిస్తే ఇంకో పాడె లేస్తుంది. మొన్న వాళ్ల మిద్దె మీద రెయిలింగు ఊగి, మనుమరాలు పడబోయి ఆగిందట. అతని భార్య వచ్చి, లోపలికి రాలేక దుకాణం బయట నిలబడింది. నేను తలుపు వేయమన్నాను. సత్యవ్వ వినలేదు. "పోరి ఏం జేసింది బావా?" అని మిషను ఆటోలో వేయించుకుని పోయింది. తుప్పు తిన్న కమ్మీలు కోసి, కొత్తవి అతికించి, ముందు పూత వేసి వచ్చింది. అది ఆరాక మళ్లీ పోయి పైరంగు వేసింది. ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టలేదు.

"ఆయన ఏమన్నడు?" అని అడిగాను.

"తల దించుకొని కూసున్నడు. రెయిలింగు గట్టిగ పట్టి ఊపి చూసిన బావా. కదల్లే."

ఈ వీలునామాను అమలుపరిచే బాధ్యత వకీలు దశరథం గారిది. చదివించుకుని విని, సరేనని ఎడమ చేత్తో సంతకం చేస్తున్నాను.

కోరుట్ల, 1997 నవంబరు 19
(సం.) గుండేటి రాజలింగం

సాక్షులు: చంద్రయ్య, పోచయ్య
రాసినవాడు: రామస్వామి